పరిమితికి కరువు భత్యం లేదు

తాల్ అంటే తాడి, బగీచా అంటే తోట. పేరులో తాడితోట ఉన్నా, ఖరగ్‌పూర్ పట్టణంలోని తాల్‌బగీచాలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఇళ్లే. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలు, రైల్వే క్వార్టరు ఖాళీ చేశాక సొంత గూడు వెతుక్కున్న ఉద్యోగులు ఇక్కడ పక్కపక్కనే బతుకుతున్నారు. ఒక గోడకు ఇటు బెంగాలీ, అటు శ్రీకాకుళం యాస. ఐఐటీ కూతవేటు దూరం. ఆ ప్రహరీ లోపలికి పనికి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు ఈ వీధుల్లో ఉన్నారు. చదువుకోవడానికి వెళ్లేవాళ్లు మాత్రం అరుదు.

అలాంటి ఒక ఇంట్లో 2024 మే నెలలో ఒక అమ్మాయి తన హయ్యర్ సెకండరీ ఫలితం చూసుకుంది. 86 శాతం. మార్కులు చూసి తల్లి కళ్లొత్తుకుంది. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. ఎండకు సాగిన పట్టాలను కనిపెట్టే కాలం అది. తాత మాత్రం వరండాలో కూర్చుని ఒకే ప్రశ్న అడిగాడు.

"ఏటే గుంటా, దీనికి డబ్బులేమైనా ఇస్తారా?"

వినడానికి మోటుగా ఉన్నా, భారత ప్రభుత్వాలు రెండూ, ఢిల్లీలోనిదీ కోల్‌కతాలోనిదీ, ప్రతిభా ఉపకారవేతనాల పేరిట ఏటా సమాధానం చెబుతున్నామని అనుకుంటున్న ప్రశ్న అదే.

తాత టెక్కలి దగ్గరి పల్లె నుంచి 1972లో గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. ఆయన కంటే ముందు రెండు మూడు తరాల వాళ్లు అదే దారిలో వచ్చారు. బెంగాల్ నాగపూర్ రైల్వే తన పెద్ద వర్క్‌షాపును ఖరగ్‌పూర్‌లో పెట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కూలి జనానికి ఈ ఊరు ఉత్తరాన ఉన్న మరో జిల్లా వంటిది. 1927లో ఇక్కడి కార్మికులు సమ్మె కట్టినప్పుడు వారి నాయకుల్లో ఒకరు బరంపురంలో పుట్టిన తెలుగువాడు. నాలుగు దశాబ్దాల తర్వాత ఆయన, వరాహగిరి వెంకటగిరి, రాష్ట్రపతి అయ్యారు. ఖరగ్‌పూర్ తెలుగువారికి ఢిల్లీతో ఉన్న అతి గట్టి బంధుత్వం ఇప్పటికీ అదేనేమో.

తాత 2005లో స్వచ్ఛందంగా దిగిపోయాడు. ఆయన స్థానంలో కొడుకు ఎక్కాడు. అది చాటుమాటు వ్యవహారం కాదు, రైల్వే శాఖ 2004లో ప్రకటించిన పథకం. రైళ్ల భద్రతతో ముడిపడిన పనుల్లో ఉన్న గ్యాంగ్‌మన్లు, డ్రైవర్లు యాభై అయిదేళ్లు దాటాక తమంతట తాము తప్పుకుంటే, అర్హత ఉన్న బిడ్డకు ఉద్యోగం. 2010లో దాన్ని మరిన్ని విభాగాలకు విస్తరించారు. రైల్వే పట్టణంలో ఒక తరం మగపిల్లలు పదో తరగతి దాటగానే పుస్తకం మూసెయ్యడానికి ఈ పథకం ఇచ్చిన ధీమా కూడా ఒక కారణం. పబ్లిక్ ఉద్యోగం వారసత్వంగా ఇవ్వడం సమానత్వ హక్కుకు విరుద్ధమని పంజాబ్, హర్యానా హైకోర్టు 2016లో తప్పుబట్టింది. 2018లో రైల్వే ఆ తలుపు మూసేసింది. న్యాయంగా చూస్తే మూయవలసిన తలుపే. తాతకు ఉద్యోగం ఉందని మనవడికి ఉద్యోగం రావడాన్ని సమర్థించడానికి రాజ్యాంగంలో చోటు లేదు. అయితే ఆ తలుపు మూసినప్పుడు ఇకపై ప్రతిభే దారి అని చెప్పారు. ఆ దారిలో ఎవరెవరు ఎక్కడెక్కడ ఆగిపోతారో చూసే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఇంకొక చిన్న విషయం. 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర ఉద్యోగులకు పాత పింఛను లేదు. తాతకు పింఛను వస్తుంది, ఆయన ఇచ్చిన ఉద్యోగంలో చేరిన కొడుక్కి ఆ పింఛను రాదు. ఒకే పని, ఒకే పట్టా, ఒకే ఇల్లు. అందుకే ఆ ఇంట్లో చదువు అంటే డిగ్రీ ఒక్కటే కాదు, తండ్రి ముసలితనపు లెక్క కూడా.

ఆనర్స్ అనే మాటకు బెంగాల్‌లో ఉన్న బరువు తెలుగు రాష్ట్రాల పాఠకుడికి వెంటనే అందకపోవచ్చు. ఒకప్పుడు ఆంధ్రాలోనూ ఆనర్స్ పట్టభద్రులంటే ప్రత్యేక గౌరవం ఉండేది. ఆ కోర్సులు పోయి తరాలు గడిచాక ఆ మాటే మరుగున పడింది. బెంగాల్‌లో పడలేదు. పిల్ల డిగ్రీ చదువుతోందంటే పొరుగింటామె అడిగే మొదటి మాట, దేంట్లో ఆనర్స్? పాస్ కోర్సు అనే సమాధానం వస్తే సంభాషణ వంట మీదికి మళ్లుతుంది. రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా పనిచేసిన దువ్వూరి సుబ్బారావు కోరుకొండ సైనిక పాఠశాల నుంచి వచ్చి, ఇదే ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివింది ఇంజినీరింగ్ కాదు, భౌతికశాస్త్రంలో బీఎస్సీ ఆనర్స్. 1972లో సివిల్ సర్వీసెస్‌లో ఆయనది మొదటి ర్యాంకు. అదే ఏడు తాత ఇదే ఊళ్లో గమేళా, పలుగు పట్టుకున్నాడు. ఇద్దరూ ఉత్తరాంధ్ర మీదుగా వచ్చినవాళ్లే. ఎవరికి ఏ గేటు తెరుచుకుందన్నది వేరే విషయం.

ఆ ఆనర్స్ సీటుకు ఎంత గిరాకీ అంటే, 2018లో రాష్ట్రమంతటా కళాశాలల్లో విద్యార్థి సంఘాల పేరు చెప్పి సీటుకింతని వసూలు చేస్తున్నారన్న ఆరోపణలు గుప్పుమన్నాయి. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ స్వయంగా కోల్‌కతాలో ఒక కళాశాలకు వెళ్లవలసి వచ్చింది. మార్కుల జాబితాలో పేరున్నా, పత్రాల పరిశీలన గది గుమ్మం దగ్గర ఎవరో నిలబడి బేరమాడే రోజులవి. ఆరేళ్ల తర్వాత, 2024లో, ప్రభుత్వం మొత్తం రాష్ట్రానికి ఒకే ప్రవేశ పోర్టల్ తెచ్చింది. 16 విశ్వవిద్యాలయాలు, 461 కళాశాలలు, దరఖాస్తు రుసుము లేదు, ఒక విద్యార్థి 25 ఎంపికల వరకు పెట్టుకోవచ్చు. ఏ ప్రభుత్వం చేసినా మంచి పని మంచి పనే. గుమ్మం దగ్గర మనిషి లేకుండా పోవడం పేద ఇంటి పిల్లకు చిన్న ఊరట కాదు. ఆ తర్వాతి ఏడాదే ఓబీసీ జాబితాపై నడిచిన న్యాయపోరాటంలో ఇదే వ్యవస్థ ఇరుక్కుంది. 2025 ఏప్రిల్‌లో రాసిన రాష్ట్ర జాయింట్ ఎంట్రన్స్ ఫలితం ఆగస్టు 22 దాకా రాలేదు. పిల్లలు నాలుగు నెలలు గాలిలో వేలాడారు. రాజకీయ పక్షాలకు అది ఓటు బ్యాంకుల చర్చ, ఇళ్లల్లో అది అక్క గది ఖాళీ చేయాలా వద్దా అనే చర్చ.

తాల్‌బగీచా అమ్మాయికి ఆ గొడవలేవీ తగలలేదు. 2024 వేసవిలో జాబితా వచ్చింది. ఊళ్లోనే, ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లగలిగే కళాశాలలో భౌతికశాస్త్రం దొరికింది. ఈ ఆనర్స్ పాత మూడేళ్ల ఆనర్స్ కాదు. కొత్త విద్యా విధానం ప్రకారం బెంగాల్ 2023 నుంచి నాలుగేళ్ల పద్ధతికి మారింది. మూడేళ్లకు ఆగిపోతే మామూలు డిగ్రీ, నాలుగో ఏడు చదివితేనే ఆనర్స్. పరిశోధనతో కూడిన ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. అంటే పూర్వం ప్రవేశం నాడే దక్కే గౌరవం ఇప్పుడు మూడేళ్ల తర్వాత దక్కవచ్చు, దక్కకపోవచ్చు. దక్కాలంటే ఇంకో ఏడాది ఖర్చు భరించాలి. మధ్యలో మానేసే వెసులుబాటును విధానకర్తలు స్వేచ్ఛగా చూశారు. తండ్రి జీతం మీద బతికే ఇళ్లలో అది మూడో ఏడు చివర్న చదువు ఆపమని చెప్పడానికి అందివచ్చిన సాకు కూడా.

ఇక తాత ప్రశ్న. డబ్బులేమైనా ఇస్తారా?

మొదట రాష్ట్రం సంగతి. స్వామి వివేకానంద మెరిట్ కమ్ మీన్స్ ఉపకారవేతనం బెంగాల్ ప్రభుత్వం గర్వంగా చెప్పుకునే పథకం. హయ్యర్ సెకండరీలో 60 శాతం మార్కులు చాలు. సైన్సు ఆనర్స్ చదివేవారికి నెలకు 1,500 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షలు మించకూడదు. ఏడో వేతన సంఘం లెక్కన రైల్వేలో అట్టడుగు మెట్టు, లెవెల్ 1, మూల వేతనం 18,000. 2024 జనవరి నుంచి కరువు భత్యం 50 శాతం. రెండూ కలిపితే నెలకు 27,000, ఏడాదికి 3,24,000. నిన్న చేరిన ట్రాక్‌మన్ బిడ్డకు సైతం ఈ పథకం వర్తించదు. రైల్వే పట్టణంలో పర్మినెంటు ఉద్యోగి ఇంట్లో పుట్టిన ఏ పిల్లా ఆ గీత లోపల లేదు.

తర్వాత కేంద్రం. కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థుల కేంద్ర ఉపకారవేతనం ఏటా కొత్తగా 82,000 మందికి ఇస్తారు. బోర్డు పరీక్షలో 80వ పర్సంటైల్ పైన ఉండాలి. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు. ఆదాయ పరిమితి 4.5 లక్షలు. మూల వేతనం 25,000 దగ్గర, 50 శాతం కరువు భత్యంతో, ఏడాది మొత్తం సరిగ్గా 4,50,000 అవుతుంది. ఇరవై ఏళ్లు పట్టాలమీద నడిచి మేట్ అయిన తండ్రి లెవెల్ 5లో ఉన్నాడు. ఆ మెట్టు 29,200 దగ్గర మొదలవుతుంది, ఆయన ఆ మొదట్లోనే ఉన్నాడు. ఇతర భత్యాలు కలపకుండానే 5,25,600. రాష్ట్రం గీతకు చాలా దూరం, కేంద్రం గీతకు కొద్ది దూరం. రెంటికీ బయటే.

"నాన్న జీతం ఎక్కువంట తాతా," అంది అమ్మాయి.

తాత కాసేపు ఆమెను చూసి, ఆపుకోలేక నవ్వాడు. "గేంగుమేను జీతం ఎక్కువన్నోడ్ని ఇన్నాళ్లకు సూస్తన్నాను."

ఆ నవ్వులో ఒక లెక్క దాగుంది. దాన్ని విప్పడానికి గోడ అవతలి ఐఐటీయే మంచి ఉదాహరణ. 2016లో ఐఐటీల బోధన రుసుమును ఏడాదికి 90,000 నుంచి 2 లక్షలకు పెంచారు. విమర్శ రాకుండా, ఆదాయం లక్ష లోపు ఉన్నవారికి పూర్తి మినహాయింపు, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండు వంతుల మినహాయింపు ప్రకటించారు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు పూర్తిగా రద్దు. ఆ ఏడు జనవరి నాటి లెక్కలో లెవెల్ 5 మొదటి మెట్టు ఉద్యోగి ఏడాది జీతం 3,50,400. గీతకు ఎంతో లోపల. ఆ గీత గీసినవాళ్లు ఇలాంటి ఇళ్లను లోపల ఉంచే ఉద్దేశంతోనే గీశారనుకోవాలి.

తర్వాత ఎనిమిదేళ్లలో ధరలు పెరిగాయి. ధరలకు తగ్గట్టు కరువు భత్యమూ పెరిగింది. గీత మాత్రం కదలలేదు. 2023 జనవరిలో 42 శాతం కరువు భత్యంతో అదే మెట్టు ఉద్యోగి వార్షిక వేతనం 4,97,568. ఇంకా లోపలే. ఆ ఏడు జులై నుంచి భత్యం 46 శాతమైంది. ఆ రేటున ఏడాది మొత్తం 5,11,584. గీత దాటేశాడు. పెరిగింది ఏడాదికి 14,016 రూపాయలు. ఆ పెరుగుదల వల్ల, అతని బిడ్డ ఐఐటీలో ఉంటే, పోయే మినహాయింపు ఏడాదికి 1,33,333 రూపాయలు. అదే మనిషి, అదే పని, కిలో బియ్యానికి అదే ఇబ్బంది. కరువు భత్యం అంటేనే, నిజానికి ఆదాయం పెరగలేదు, ధర పెరిగింది, ఆ లోటు పూడుస్తున్నామని ప్రభుత్వం స్వయంగా ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలునే మరో మంత్రిత్వ శాఖ సంపన్నతగా లెక్కగడుతోంది.

పార్లమెంటులో ఆదాయపు పన్ను శ్లాబుల మీద గంటల తరబడి చర్చ జరుగుతుంది. ఉపకారవేతనాల శ్లాబుల మీద అలాంటి చర్చ జరగదు. పన్ను కట్టేవాడి కోపం ఓటుగా మారుతుంది. ఉపకారవేతనం దొరకని పద్దెనిమిదేళ్ల పిల్లకు దొరకలేదనే విషయం తప్ప ఎందుకు దొరకలేదో తెలిసేసరికి డిగ్రీ అయిపోతుంది.

ఇక్కడ ఒక ఎదురు వాదన ఉంది, అది బలహీనమైనది కాదు. అమ్మాయితో కలిసి చదివిన స్నేహితురాలి ఇల్లు అదే వీధిలో, రెండు గుమ్మాల అవతల. ఆ పిల్ల తండ్రి టోటో నడుపుతాడు. ఆయనకు జీతపు చీటీ లేదు, కరువు భత్యం లేదు, వాన పడితే ఆ రోజు సంపాదన లేదు. ఆ పిల్లకు 71 శాతం వచ్చింది, అధికారి సంతకంతో ఆదాయ పత్రం వచ్చింది, వివేకానంద ఉపకారవేతనం వచ్చింది. 86 శాతం వచ్చిన పిల్లకు రాలేదు. ఇది అన్యాయమా? కానే కాదు. టోటో నడిపే ఇంట్లో 71 తెచ్చుకోవడానికి పడిన శ్రమను ఏ పర్సంటైలూ కొలవదు. కేంద్ర పథకంలో గీతను 8 లక్షలకు జరిపి, సంఖ్యను 82,000 దగ్గరే ఉంచితే, కొత్తగా లోపలికి వచ్చిన ట్యూషన్ల పిల్లలు జాబితా పైకి పోతారు, టోటో పిల్లలు కిందికి జారుతారు. అందుకే గీతను జరపమనే డిమాండు ఒక్కటే సరిపోదు. ఏటా కోటి మందికి పైగా పన్నెండో తరగతి పాసయ్యే దేశంలో 82,000 అనే అంకె ఎందుకు అలా ఉండిపోయిందన్నది అసలు ప్రశ్న. ఒక్క రూపాయి దాటితే మొత్తం పోయే గీతకు బదులు, ఆదాయం పెరిగేకొద్దీ సాయం మెల్లగా తగ్గే వాలు ఎందుకు ఉండకూడదన్నది రెండో ప్రశ్న. ఆదాయపు పన్నుకు వాలు ఉంది. తీసుకునేటప్పుడు మెట్లు కట్టడం తెలిసిన ప్రభుత్వానికి ఇచ్చేటప్పుడు గోడ కట్టడమే తెలుసు.

ఆదాయంతో పనిలేని ప్రతిభా పథకం లేదా అంటే ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్. మౌలిక శాస్త్రాలు చదివేవారికి ఏడాదికి 80,000 రూపాయలు, తండ్రి జీతం ఎంతని అడగరు. బోర్డులో మొదటి 1 శాతంలో ఉండాలి. 86 శాతం మార్కులు అక్కడ చాలవు. ఇంకొకటి, పదో తరగతి స్థాయిలో ప్రతిభను గుర్తించి పీహెచ్‌డీ దాకా చెయ్యి పట్టుకుని నడిపించిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష. 1963లో మొదలైన ఆ పథకాన్ని 2021 తర్వాత కొనసాగించలేదు. అమ్మాయి పదో తరగతికి వచ్చేసరికి ఆ పరీక్షే లేదు.

ఆమెకు నిజంగా చేతికందిన సొమ్ము ఒక్కటే. పద్దెనిమిదేళ్లు నిండి, పెళ్లి కాకుండా చదువుకుంటున్న ఆడపిల్లకు రాష్ట్రం ఒక్కసారి ఇచ్చే కన్యాశ్రీ, 25,000 రూపాయలు. దానికి ఇప్పుడు ఆదాయ పరిమితి లేదు. మార్కులూ అడగరు. ఆ సొమ్ముతో ఆమె ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుంది. ప్రతిభ పేరు పెట్టుకున్న పథకాలన్నీ వెనక్కి పంపిన పిల్లను, ప్రతిభ ఊసెత్తని పథకం లోపలికి పిలిచింది. ఇక మిగిలింది 2021లో వచ్చిన స్టూడెంట్ క్రెడిట్ కార్డు. నాలుగు శాతం సాధారణ వడ్డీకి 10 లక్షల దాకా అప్పు. తండ్రి దాని కాగితాలు తెచ్చాడు, తాత వద్దన్నాడు. అప్పు చేసి ఊరు విడిచి వచ్చినవాడికి అప్పు పేరెత్తితే నచ్చదు.

ఊరు. ఆ మాట వచ్చింది కనుక మరో సంగతి. ఇదే పిల్ల టెక్కలిలో పుట్టి ఉంటే ఆంధ్రప్రదేశ్ రుసుము చెల్లింపు పథకాలకు దరఖాస్తు పెట్టుకునేది. ఇప్పుడు వెళ్లి పెట్టుకుంటానంటే కుదరదు. అక్కడ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మిగిలిన 15 శాతానికి పోటీ పడాలన్నా ఆమె గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ ఆ రాష్ట్రంలో పదేళ్లు ఉండి ఉండాలి, లేదా తల్లిదండ్రులు అక్కడ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండాలి. తాత పుట్టిన ఊరు లెక్కలోకి రాదు. తాత కులం కూడా రాదు. టెక్కలిలో వెనుకబడిన తరగతిగా గుర్తించిన కులం బెంగాల్ జాబితాలో లేకపోతే, ఇచ్ఛాపురం దాటిన రైలులో ఆ వెనుకబాటు ఎక్కడో దిగిపోయినట్టు లెక్క. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తీర్పు ఇచ్చింది కూడా ఒక తెలుగు విద్యార్థి విషయంలోనే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల తొమ్మిదో ఏట బొంబాయి వెళ్లి, అక్కడే చదివి, వైద్య కళాశాలలో గిరిజన కోటా కింద సీటు అడిగిన పిల్లవాడు. ఒక రాష్ట్రంలో గుర్తించిన హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని కోర్టు చెప్పింది. వెనుకబాటు స్థానిక పరిస్థితుల నుంచి పుడుతుందన్న ఆ తర్కంలో బలం ఉంది. అయితే పట్టాలు వేయడానికి దేశం మొత్తాన్ని ఒకటిగా చూసిన రాజ్యం, ఆ పట్టాలు వేసినవారి బిడ్డల విషయానికి వచ్చేసరికి రాష్ట్రాల సరిహద్దులను గుర్తుచేసుకోవడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలా కాలంగా అడుగుతున్నదే. కొద్ది నెలల్లో శాసనసభ ఎన్నికలు. రెండు తెలుగు రాష్ట్రాల పత్రికలూ సంతోషించాయి, మిఠాయిలు పంచుకున్నవారూ ఉన్నారు. 2021 నుంచి జేఈఈ మెయిన్ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చని కేంద్రం ప్రకటించింది. అదీ సంతోషమే. పరీక్ష సమాచార పుస్తకంలో ఒక చిన్న పట్టిక ఉంది. ఏ భాష ప్రశ్నపత్రం ఏ రాష్ట్రాల కేంద్రాల్లో దొరుకుతుందో చెప్పే పట్టిక. తెలుగు ఎదురుగా ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. తెలుగు అధికార భాష అయిన ఖరగ్‌పూర్ పిల్ల తెలుగులో రాయాలంటే ఇచ్ఛాపురం దాకా రైలెక్కాలి. నిజం చెప్పాలంటే ఈ అమ్మాయి తెలుగులో రాసేది కాదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. గురుత్వ త్వరణం అనే మాట ఆమెకు ఇంగ్లిషులో తెలుసు, బెంగాలీలో తెలుసు, తెలుగులో వినలేదు. జేఈఈ ఆమె ఇంగ్లిషులోనే రాసింది. అడ్వాన్స్‌డ్‌కు అర్హత పొందే రెండున్నర లక్షల మందిలో పేరు లేదు. కోచింగుకు వెళ్లలేదు కనుక ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. హోదా ఎన్నికలకు పనికివచ్చింది, పరీక్షకు రాలేదు అనడం తేలిక. ఆ భాషలో సైన్సు పాఠం చెప్పే ఏర్పాటు లేకుండా ప్రశ్నపత్రం ఇచ్చినా పనికిరాదని కూడా అనుకోవాలి.

ఉపకారవేతనం చేజారిన తెలుగు ప్రతిభ కథల్లో అందరికీ నచ్చే కథ సి.ఆర్.రావుది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, పరిశోధనకు ఉపకారవేతనం దక్కక, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అదీ దొరక్క, 1941 జనవరి 1న భారతీయ గణాంక సంస్థలో శిక్షణకు చేరారు. వాల్తేరు నుంచి హౌరా వెళ్లే రైలు ఖరగ్‌పూర్ మీదుగానే వెళ్తుంది. ఆ యువకుడు గణాంక శాస్త్రాన్నే మార్చేసిన మాట వాస్తవం. ఇలాంటి కథలను సభల్లో పిల్లలకు చెబుతారు, ఉపకారవేతనం రాకపోయినా దిగులుపడొద్దని. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. రావు ఎక్కిన రైల్లోనే ఎక్కి, దిగాక ఎటు పోయారో తెలియనివాళ్ల కథలు చెప్పడానికి ఎవరూ మిగల్లేదు, అంతే.

తరగతులు మొదలయ్యాయి. ఇద్దరు స్నేహితురాళ్లూ ఒకే కళాశాల. ఒకరిది భౌతికశాస్త్రం, ఇంకొకరిది రసాయనశాస్త్రం. టోటో ఇంటి పిల్ల తన మొదటి విడత ఉపకారవేతనంతో గణితం పుస్తకాలు కొంది. ఇద్దరికీ అవే సరిపోతాయి కాబట్టి ఒక సెట్టు చాలనుకున్నారు. ఏ పథకం మార్గదర్శకాల్లోనూ లేని ఈ ఏర్పాటు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా తాత వరండాలో నడుస్తుంది. మధ్యలో కరెంటు పోతే తాత తన పాత హ్యాండ్ సిగ్నల్ దీపం గురించి చెబుతాడు, వాళ్లు వినరు.

2024 అక్టోబరు 16న కేంద్ర మంత్రివర్గం కరువు భత్యాన్ని 53 శాతానికి పెంచింది, జులై నుంచి వర్తించేలా. దీపావళి ముందు వార్త కనుక ఆ సాయంత్రం తండ్రి డ్యూటీ దిగి వస్తూ రసగుల్లాల కుండ తెచ్చాడు. రెండు గుమ్మాల అవతలికీ ఒక గిన్నె వెళ్లింది. తాత చక్కెర జబ్బు మరిచిపోయి రెండు తిన్నాడు. "ఎంత పెరిగిందిరా?" అని కొడుకుని అడిగాడు. కొడుకు చెప్పేలోపే అమ్మాయి నోటుపుస్తకం చివరి పేజీ తీసి గుణించింది. 29,200ను 1.53తో, వచ్చినదాన్ని 12తో. 5,36,112 వచ్చింది. దాని పక్కనే ఎప్పుడో రాసుకున్న 4,50,000 ఉంది. తీసివేత చెయ్యలేదు. పేజీ తిప్పి, మర్నాడు ఇవ్వవలసిన లోలకం ప్రయోగం రికార్డు రాయడం మొదలుపెట్టింది.